హార్డ్‌నెస్ సరిపోయింది, మరి షాఫ్టు ఎందుకు విరిగింది?

మండపేటలో లేత్ షాపుల వాళ్లు, రైస్ మిల్లు మెకానిక్కులు, ఐటీఐ విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం అండి. ముందు వరసలో కూర్చున్న మేస్త్రులకు ప్రత్యేకంగా నమస్కారం. మీలో కొందరి చేతిపని చూస్తూ పెరిగినవాణ్ని నేను.

ఉక్కు గురించి మాట్లాడమని పిలిచారు. కానీ మండపేటలో నిలబడి ధాన్యం మాట ఎత్తకుండా ఎలా మొదలుపెట్టను? మిల్లుల వాళ్లు ఎంతమంది వచ్చారు, చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే మీకో ప్రశ్న. ఒకే చేలో పండిన ధాన్యం, ఒకే రోజు కోసింది. రెండు వాటాలు చేశాం. ఒక వాటాని డ్రయ్యర్‌లో పోసి, వేడి పెంచి గబగబా ఆరబెట్టేశాం. రెండో వాటాని కాసేపు ఆరబెట్టి, ఆపి, గింజ లోపలి తేమ పైకి వచ్చేదాకా ఆగి, మళ్లీ ఆరబెట్టాం. మరాడిస్తే నూక ఎందులో ఎక్కువ?

మొదటిదాంట్లో. అందరూ ఒకేసారి చెప్పారు. మరి మర పట్టక ముందు ఆ రెండు రాశులూ పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుందా? కనిపించదు. తేమ మీటరు పెడితే రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. పగులు గింజ లోపల ఉంది. అదే ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఉప్పుడు బియ్యం చేస్తే నూక ఇంకా తగ్గిపోతుంది. ధాన్యం అదే అండి. వేడి పెట్టిన తీరు, ఆరబెట్టిన తీరు మారాయి, అంతే.

ఉక్కు సంగతీ ఇలాంటిదే. మీ దగ్గర తేమ మీటరు ఉన్నట్టు మా దగ్గర హార్డ్‌నెస్ మీటరు, అంటే గట్టిదనం కొలిచేది, ఉంటుంది. అది లేనివాళ్లు ఆకురాయితో గీసి చూస్తారు. అంకె వచ్చిందా, బిల్లు రాసేయ్. నేనూ అలా బిల్లులు రాసినవాణ్నే. ఈ సాయంత్రం నేను మీకు చెప్పాలని వచ్చింది ఒకటే: హార్డ్‌నెస్ అంకె సరిగ్గా ఉన్న షాఫ్టు కూడా గాజుముక్కలా విరగొచ్చు. ఎందుకు విరుగుతుందో తెలిస్తే ఆపడం మన చేతిలోనే ఉంది. పెద్ద ఖర్చు కూడా కాదు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. డిప్లొమా అయిన కొత్తలో ఈ డెల్టాలోనే ఒక వర్క్‌షాపులో పనికి చేరాను. పేరు ఎందుకులెండి. ఒక గేరుబాక్సుకి నాలుగు షాఫ్టులు చెయ్యాలి. ఓనరు గారు పాత సామాన్ల కొట్లో నికెల్ క్రోమ్ రాడ్డు సంపాదించారు. మంచి ఉక్కు. లేతు మీద తిప్పాం, కీవే, అంటే గేరు జారకుండా చీల దిగే గాడి, కోశాం. 830 డిగ్రీలకి కాల్చి, గట్టిపడడానికి ఆయిల్లో ముంచాం, అదే హార్డెనింగ్. తర్వాత పెళుసుదనం తగ్గడానికి 600 డిగ్రీల దగ్గర మళ్లీ వేడిచేశాం, అంటే టెంపరింగ్ చేశాం. ఇక్కడిదాకా తప్పేం లేదు.

టెంపరింగ్ అయ్యాక బయటికి తీస్తే చల్లగాలికి ఎక్కడ వంగిపోతాయో అని నాకు భయం. షెడ్డు వెనకాల ఊక బూడిద గుంట ఉండేది. మన మిల్లుల ఊరికి బూడిద కరువా? రెండు షాఫ్టుల్ని ఆ బూడిదలో పాతిపెట్టాను. గుంటలో రెండే పట్టాయి. మిగిలిన రెండూ బయట గాలికే ఆరాయి. తెల్లారి తవ్వి చూస్తే బూడిదలోవి ఇంకా వెచ్చగానే ఉన్నాయి. నాలుగింటికీ హార్డ్‌నెస్ చూశాం. నాలుగూ రాక్‌వెల్ సి అనే గట్టిదనం కొలత మీద 30 దగ్గరే వచ్చాయి. చాలా సంతోషించాను.

సంక్రాంతి ముందు రోజులు. పొద్దున్నే మంచు. గేరు బిగించడానికి ఫిట్టరు బాబాయి సమ్మెటతో రెండు దెబ్బలు వేశాడు. రెండో దెబ్బకి షాఫ్టు కీవే మూల దగ్గర పుటుక్కుమని రెండైంది. వంగలేదు, సాగలేదు. పెన్సిల్ విరిగినట్టు విరిగింది. అది బూడిదలో పెట్టిన షాఫ్టు.

అందరూ ఏమన్నారు? రాడ్డు మంచిది కాదన్నారు. బాబాయి గట్టిగా కొట్టాడన్నారు. నేను కూడా ఆ మాటే అన్నాను అండి. అరవై ఏళ్ల మనిషి, ముప్ఫై ఏళ్లుగా అదే సమ్మెట పట్టినవాడు. నా మాటకి ఆయన తలదించుకుని వెళ్లిపోయాడు. అది ఇప్పటికీ నా మనసులో ఉంది. ఎందుకంటే తప్పు దెబ్బది కాదు, రాడ్డుది కాదు, నా బూడిదది.

ఆ విరిగిన ముఖం చూడండి అంటూ ఓనరు గారి అన్నయ్య నా చేతిలో పెట్టారు. ఆయన రైల్వేలో పనిచేసి వచ్చినవారు. మామూలుగా మంచి షాఫ్టు తెగితే ఆ ముఖం బూడిదరంగులో, కొబ్బరి పీచు లాగినట్టు ఉంటుంది. ఇది అలా లేదు. పటికబెల్లం ముక్క విరిస్తే పలకలు పలకలుగా తళుక్కుమంటుందే, అలా మెరుస్తోంది. వెలుతురులో తిప్పుతుంటే ఒక్కో పలకా ఒక్కోసారి మెరిసింది. ఆ పలకలేమిటో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీకు పది నిమిషాల్లో చెప్పే ప్రయత్నం చేస్తాను.

డ్రోను పైకి ఎగరేసి మన చేలు చూశారా ఎప్పుడైనా? మడి పక్కన మడి, మధ్యలో గట్లు. ఉక్కుని నున్నగా పాలిష్ చేసి, పలచటి యాసిడ్ రాసి, మైక్రోస్కోపులో చూస్తే అచ్చం అలాగే ఉంటుంది. ఒక్కో మడిని గ్రెయిన్ అంటాం. మడి లోపల అణువులన్నీ ఊడ్పులో తాడు పట్టి నాటినట్టు ఒకే వరసలో ఉంటాయి. పక్క మడిలో వరస ఇంకో దిక్కుకి తిరిగి ఉంటుంది. రెండు వరసలూ కలవని చోటు గట్టు.

ఇప్పుడు ఒక పగులు బయల్దేరింది అనుకోండి. ఆరోగ్యంగా ఉన్న ఉక్కులో పగులు మడిలోంచి పోవాలి. గట్టు దగ్గరికి రాగానే వరస దిక్కు మారుతుంది కదా, పగులు కూడా తిరగాలి. ప్రతి మలుపులోనూ దానికి కొంత శక్తి ఖర్చవుతుంది. మళ్లు చిన్నవైతే గట్లు ఎక్కువ, మలుపులు ఎక్కువ. అందుకే గ్రెయిన్ చిన్నదైన కొద్దీ ఉక్కు దెబ్బకి ఎక్కువ తట్టుకుంటుంది. బలం కూడా పెరుగుతుంది. 1950ల మొదట్లో హాల్, పెచ్ అనే ఇద్దరు ఇంగ్లండులో దీన్ని లెక్కకట్టి చూపించారు. ఉక్కు బలం పెంచడానికి ఎన్నో దారులున్నాయి. కార్బన్ పెంచొచ్చు, టెంపరింగ్ తగ్గించొచ్చు. కానీ అవన్నీ బలం ఇచ్చి, దెబ్బ ఓర్చుకునే గుణం లాక్కుంటాయి. గ్రెయిన్ చిన్నది చేయడం ఒక్కటే రెండూ ఇస్తుంది. నాకు ఈ విషయం ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

గ్రెయిన్‌కి నంబర్లుంటాయి. ఐటీఐ పిల్లలు రాసుకోండి. 100 రెట్లు పెద్దది చేసి చూసినప్పుడు ఒక చదరపు అంగుళంలో 16 గ్రెయిన్లుంటే అయిదో నంబరు. 128 ఉంటే ఎనిమిదో నంబరు. నంబరు పెరిగితే గ్రెయిన్ చిన్నది. చాలామంది తిరగేసి అనుకుంటారు.

మరి గ్రెయిన్ పెద్దది ఎప్పుడవుతుంది? ఎక్కువ వేడి పెట్టినప్పుడు, ఆ వేడిలో ఎక్కువసేపు ఉంచినప్పుడు. షాఫ్టులకి వాడే ఈఎన్-24 రకం ఉక్కుకి 820 నుంచి 850 డిగ్రీలు చాలు. మంచి ఉక్కులో అల్యూమినియం వేసి తయారుచేస్తారు. అది నైట్రోజన్‌తో కలిసి కంటికి కనపడని పలుకులుగా మారి, గట్లు జరగకుండా రాటలు పాతినట్టు పట్టుకుంటుంది. కానీ 1,050 దాటితే ఆ రాటలు కరిగిపోవడం మొదలవుతుంది. అప్పుడిక గట్లు చెరిగి, మడీ మడీ కలిసిపోయి పెద్ద కమతాలైపోతాయి. కొలిమిలో సాగగొట్టేటప్పుడు 1,150, 1,200 దాకా పోతాం కదా? అది తప్పదు. కానీ సాగగొట్టాక నేరుగా హార్డెనింగ్‌కి పోకండి. ముందు 860, 880 దగ్గర కాల్చి గాలికి ఆరబెట్టండి. దాన్నే నార్మలైజింగ్ అంటాం. కొత్త గ్రెయిన్లు చిన్నవిగా పుడతాయి. ఒక్క పూట పని. చాలా షాపుల్లో మానేసేది ఇదే.

ఇక రంగు చూసి కాల్చేవాళ్లకి ఒక మాట. పాకలో, చీకట్లో కనిపించే ఎరుపు ఒకటి, మిట్టమధ్యాహ్నం ఆరుబయట కనిపించే ఎరుపు ఇంకోటి. ఎండలో ముక్క ఇంకా కాలలేదనిపిస్తుంది. ఇంకాస్త, ఇంకాస్త అని వంద డిగ్రీలు ఎక్కువ పెట్టేస్తాం. మీటరు లేకపోతే ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి కొంచెం పైకి పోతే చాలని అర్థం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎక్కువ కాల్చి గ్రెయిన్ పెద్దదైన ముక్కని ఆయిల్లో ముంచితే ఏమవుతుంది? ఇంకా బాగా, ఇంకా లోతుగా గట్టిపడుతుంది. అవునండి, గ్రెయిన్ పెద్దదైతే గట్టిదనం లోపలికి ఎక్కువగా దిగుతుంది. మీటరు పెడితే మంచి అంకె వస్తుంది. తప్పు చేసినందుకు మీటరు మనకి మార్కులు వేస్తుంది! అందుకే ఆ అంకెని ఒక్కదాన్నే నమ్మొద్దని మొత్తుకుంటున్నాను.

సరే, బూడిద దగ్గరికి వద్దాం. పటికబెల్లం పలకలు ఎందుకొచ్చాయి?

ఆ పలకలు గట్ల ముఖాలు అండి. పగులు మడిలోంచి పోలేదు, గట్టు వెంటే పోయింది. ఎర్రగా కాలినప్పుడు ఏర్పడిన పాత గట్లు, ఆయిల్లో ముంచి గట్టిపరిచాక కూడా ఆనవాలుగా ఉండిపోతాయి. అవి ఆరోగ్యంగా ఉన్నంతకాలం బాధ లేదు. మరి గట్టుకి చేటు ఎలా వచ్చింది? ఉక్కులో భాస్వరం ఉంటుంది, కొంచెం తగరం, ఆంటిమొని, ఆర్సెనిక్ కూడా. ఎంత? వంద రూపాయల్లో పైసా వంతో, రెండు పైసల వంతో. తుక్కు కరిగించి చేసిన ఉక్కులో తగరం లాంటివి ఇంకా పేరుకుంటాయి, ఒకసారి చేరితే ఉక్కు కొలిమిలో పోవు. ఈ అణువుల సైజు ఇనుము వరసలో ఇమడదు. గట్టు దగ్గర వరస చెదిరి ఉంటుంది కాబట్టి అక్కడ వాటికి చోటు దొరుకుతుంది.

600 దాటిన వేడిలో అవి ఒకచోట నిలవవు, లోపలికి చెదిరిపోతాయి. 350 కంటే కింద కదిలే శక్తి ఉండదు. మధ్యలో, 575 నుంచి 375 దాకా, కదలనూ గలవు, కూర్చోనూ గలవు. ఆ మధ్య దారిలో మనం ఎంతసేపు గడిపితే అంతమంది గట్టెక్కి కూర్చుంటారు. అన్నిటికంటే చెడ్డచోటు 500, 550 దగ్గర. నేను బూడిదలో పాతిపెట్టి, ఆ దారంతా రాత్రల్లా నెమ్మదిగా నడిపించాను! గాలికి ఆరినవి ఆ దారిని త్వరగా దాటేశాయి.

ఆ పొర మందం ఎంతనుకుంటున్నారు? మన ఆత్రేయపురం పూతరేకు తెలుసుగా. కాగితం కంటే పలచన అని మురిసిపోతాం. దీని ముందు పూతరేకు గోడంత మందం. ఒక్క అణువు మందం కూడా నిండుగా ఉండదు. ఆ పొరని కళ్లారా పట్టుకునే పరికరాలు 1960ల చివర్లో గానీ రాలేదు. మరి గ్రెయిన్‌కి దీనికి సంబంధం ఏమిటి? గ్రెయిన్లు పెద్దవైతే గట్లు పొడుగ్గా, తిన్నగా ఉంటాయి. చెడిన గట్టు పొడుగ్గా ఉంటే పగులుకి అది కాలవగట్టు మీద రోడ్డులాంటిది. ఎక్కువ కాల్చడం, నెమ్మదిగా ఆర్చడం, ఈ రెండు తప్పులూ ఒకే ముక్కలో కలిస్తే ఇక ఆ షాఫ్టుని చలికాలం పొద్దున ముట్టుకోవద్దు. చలి కూడా పెళుసుదనానికి తోడవుతుంది.

మరి హార్డ్‌నెస్ ఎందుకు మారలేదు? మీటరు సూది ఎన్నో మళ్లని కలిపి నొక్కుతుంది. మళ్లు గట్టిగానే ఉన్నాయి. గట్టు మీద అంత పలచటి పొర దానికి తెలియదు. సాగదీసే పరీక్ష కూడా చాలాసార్లు పట్టుకోలేదు. గంటు పెట్టి ఒక్కదెబ్బ కొట్టే చార్పీ పరీక్ష ఒక్కటే పట్టుకుంటుంది. 10 మిల్లీమీటర్ల చదరం, 55 పొడవు ముక్క, మధ్యలో 2 మిల్లీమీటర్ల గంటు. ఫిట్టరు బాబాయి ఆ రోజు చేసింది ఏమిటి? కీవే గంటు, సమ్మెట దెబ్బ. మీటరు చూపించనిది ఆయన చూపించాడు.

ఈ జబ్బు మన ఊరి వర్క్‌షాపుదే అనుకోకండి. జర్మనీలో మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో నికెల్ క్రోమ్ ఉక్కుకి ఇది పట్టుకుంటే 'క్రుప్ జబ్బు' అని పేరు పెట్టారు. 1969 సెప్టెంబరులో ఇంగ్లండులో హింక్లీ పాయింట్ కరెంటు కేంద్రంలో ఆవిరి టర్బైను చక్రం తిరుగుతూనే పగిలి ముక్కలైంది. క్రోమ్ మాలిబ్డినం ఉక్కు. టెంపరింగ్ తర్వాత నెమ్మదిగా ఆరడంతో పెళుసుబారింది. దానికి ఒక చిన్న తుప్పు పగులు తోడైంది, అంతే. అంత పెద్ద చక్రాన్ని త్వరగా ఆర్చడం ఎంత కష్టమో ఆలోచించండి. మన షాఫ్టుకి ఆ కష్టం లేదు.

మందు ఏమిటి? మొదటి మందు ఉక్కులోనే ఉంది. పావు శాతం నుంచి అర శాతం మాలిబ్డినం అనే లోహం కలిపితే ఈ జబ్బు చాలామటుకు అణుగుతుంది. ఈఎన్-24లో, ఈఎన్-19 రకం ఉక్కులో అందుకే అది ఉంటుంది. పాత రాడ్డు కొనేటప్పుడు మాలిబ్డినం ఉందో లేదో అడగండి, పరీక్ష చేయించండి. రెండో మందు మన చేతిలో ఉంది. 600 దగ్గర టెంపరింగ్ అయ్యాక బూడిదలో పెట్టకండి, ఫర్నేసులో వదిలేసి ఇంటికి పోకండి. తీసి ఆయిల్లో ముంచండి, సన్నటి ముక్కైతే గాలికి ఆర్చండి. మూడోది అన్నిటికంటే మంచి వార్త. ఈ పెళుసుదనం తిరిగి పోతుంది. బూడిదలో ఉన్న రెండో షాఫ్టుని మళ్లీ 620కి కాల్చి ఆయిల్లో ముంచాం. గట్టు మీద కూర్చున్నవి చెదిరిపోయాయి. అది ఏళ్ల తరబడి పనిచేసింది.

వెనకాల ఎవరో అడుగుతున్నారు. కొంచెం గట్టిగా చెప్పమ్మా. ఆ... మంచి ప్రశ్న. వెల్డింగ్ చేశాక బూడిదలో పెట్టమని మా మేస్త్రి చెప్పారు, అది తప్పా అని ఈ అమ్మాయి అడుగుతోంది. తప్పు కాదమ్మా, మీ మేస్త్రి చెప్పింది నిజం. ఈఎన్-24 లాంటిది వెల్డ్ చేస్తే టాకా పక్కన ఉక్కు ఒక్కసారిగా ఆరి గాజులా గట్టిపడుతుంది. ముందు వేడి చేసి వెల్డ్ చేసి, తర్వాత బూడిదలో నెమ్మదిగా ఆర్చితే ఆ గట్టిదనం తగ్గుతుంది, లోపల చేరిన హైడ్రోజన్ బయటికి పోతుంది. వెల్డింగ్ తర్వాత బూడిద మంచిది. చివరి టెంపరింగ్ తర్వాత, మాలిబ్డినం లేని ఉక్కుకి, బూడిద చెడ్డది. వస్తువు ఒకటే, పెట్టే వేళ వేరు.

హైడ్రోజన్ మాట వచ్చింది కాబట్టి క్లుప్తంగా. మన డెల్టాలో గాలే తడి. వానాకాలంలో విప్పిన వెల్డింగ్ రాడ్ల (ఎలక్ట్రోడ్) ప్యాకెట్టు మూలన పడేసి వారం తర్వాత వాడతాం. ఆ పూతలో తేమ నుంచి హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. వెల్డ్ అయినప్పుడు బాగానే ఉంటుంది, మర్నాటికి పగులుతుంది. లో హైడ్రోజన్ రాడ్లని 300 డిగ్రీల పైన గంటో రెండు గంటలో కాల్చి వాడండి. క్రోమ్ పూత వేయించిన గట్టి పిన్నులని కూడా పూత అయిన కొద్ది గంటల్లోనే 200 డిగ్రీల దగ్గర పెట్టి కాల్చాలి. పూతవాణ్ని అడగండి, చేశావా లేదా అని.

ఇంకో ప్రమాదం నీలం రంగు దగ్గర ఉంది. కొలిమి పనివాళ్లకి తెలుసు, మెరిసే ఉక్కుని వేడిచేస్తే ముందు గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. ఆ నీలం 300 చుట్టుపక్కల వస్తుంది. ఈఎన్-24ని 250, 400 మధ్య టెంపర్ చేస్తే సన్నటి కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన పదార్థం) పొరలు ఏర్పడి దెబ్బ ఓర్చుకునే గుణం పడిపోతుంది. ఇది ఎంత త్వరగా ఆర్చినా పోదు. ఇంకా పైకి టెంపర్ చేసి గట్టిదనం వదులుకోవాలి, లేదా మళ్లీ మొదటి నుంచి హార్డెనింగ్ చెయ్యాలి. కాబట్టి అటు 200 దగ్గర ఆగండి, లేదా ఇటు 550 దాటండి. మధ్యలో ఆగొద్దు.

చార్పీ యంత్రం మా దగ్గర లేదండి, ఏం చెయ్యాలి అంటారు. నిజమే. ఒక పని చెయ్యండి. షాఫ్టు కోసిన రాడ్డులోంచే జానెడు ముక్క ఉంచుకోండి. మధ్యలో హాక్సాతో గంటు కొయ్యండి. షాఫ్టుతో పాటే కాల్చండి, షాఫ్టుతో పాటే ముంచండి, దానితో పాటే ఆర్చండి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు వైసులో బిగించి, గంటు ఉన్న వైపు నుంచి, గంటు తెరుచుకునేలా సమ్మెటతో కొట్టండి. కళ్లద్దాలు పెట్టుకుని. ఎన్ని దెబ్బలకి పోయింది, వంగిందా, ముఖం పీచులా ఉందా, పటికబెల్లంలా ఉందా? జాబ్ కార్డు మీద వేడి, సమయం రాస్తున్నారు. దాని కింద ఇంకో గీత గీసి 'ఎలా ఆర్చాం' అని రాయండి. ఆ గీత లేని కార్డు సగం కార్డే.

ఇక్కడ బల్ల మీద ఏడు ముక్కలు పెట్టాను. మూడు పీచువి, నాలుగు మెరిసేవి. చివరిది ఆ సంక్రాంతి షాఫ్టు ముక్క, నూనె గుడ్డలో చుట్టి ఇన్నేళ్లూ దాచాను. ఒక్కొక్కరుగా రండి, ట్యూబులైటు కింద తిప్పి చూడండి. విరిగిన ముఖాన్ని మాత్రం వేలితో తాకకండి. మన చేతి చెమటకి రెండు రోజుల్లో తుప్పు పట్టేస్తుంది, తర్వాత వచ్చేవాళ్లకి ఏమీ కనపడదు.